ఇళ్లొస్తాయన్న పాట

మేయర్ ఎన్నికల పుణ్యమా అని ఆ వసంతంలో గుమోక్‌కి పని దొరికింది. ఊదారంగు చొక్కా తొడుక్కుని, ఒక అభ్యర్థి ప్రచారం లారీ ముందు నిలబడి, పాటకు తగ్గట్టు చేతులూపుతూ ఆడాలి. పాట ఒకటే: "ఇళ్లొస్తాయి, మనకిళ్లొస్తాయి." యాభై దాటిన మోకాళ్లు మొరాయిస్తున్నా ఆమె మనసుపెట్టి ఆడింది. కూలి కోసమే అయితే అంత ఊపు వచ్చేది కాదు.

కూతురు హేరిమ్ సియోల్ నగరం నడిబొడ్డున ఆసుపత్రిలో నర్సు. చేతులు చాపితే రెండు గోడలూ తగిలే గదిలో అద్దెకుంటోంది. నచ్చిన అబ్బాయి ఉన్నాడు కానీ, పెళ్లిమాటెత్తితే, "కాపురం ఎక్కడ పెట్టమంటావమ్మా, బస్టాపులోనా?" అనేది.

గుమోక్ ఉండేది కొండమీది పాతవాడలో, ఒక ఇటుకింటి కింది వాటాలో. పై వాటాలో బున్‌సున్ అని ఒంటరి ముసలావిడ. ఇద్దరూ అద్దెవాళ్లే. భర్త పోయి గుమోక్ తలుపేసుకుని కూర్చున్న రోజుల్లో, తలుపు విరిగేలా కొట్టి, గంజి కాచి తాగించింది ఆవిడే.

ఒక సాయంత్రం గుమోక్ ఆ చొక్కాతోనే మేడెక్కింది. బున్‌సున్ పాలకూర మొక్కలకు నీళ్లు పోస్తోంది.

"ఏమే, నీ పెళ్లిలో కూడా ఇంతలా గెంతి ఉండవు."

"ఎగతాళి చెయ్యకక్కా. ఈయన గెలిస్తే ఇళ్లు కడతాడు. ఇళ్లు పెరిగితే ధరలు దిగుతాయి. మా పిల్ల ఓ ఇంటిదవుతుంది."

"ఎక్కడ కడతాడటా? ఆకాశంలోనా?"

"పాతవాడలు తీసేసి..." గుమోక్ నాలిక కరుచుకుంది.

బున్‌సున్ చెంబు కిందపెట్టింది. "మనదేమైనా కొత్తవాడటే?" అంది, అంతే.

పోలింగు రోజున ఇద్దరూ కలిసే వెళ్లారు. ముసలావిడ గుమోక్ జబ్బ పట్టుకుని మెట్లు దిగింది. తెర వెనక ఓటు ముద్ర చేతిలోకి తీసుకున్నాక గుమోక్ చాలాసేపు తటపటాయించింది. కూతురి గది కళ్లముందు మెదిలింది. ముద్ర వేసేసింది. బయటికొచ్చాక బున్‌సున్ మళ్లీ ఆమె జబ్బే పట్టుకుంది.

ఆయన గెలిచాడు. మరుసటేడు కొండమీది వాడకు కూల్చివేత అనుమతి వచ్చింది. ఇళ్ల యజమానులు సంబరంగా బ్యానర్లు కట్టారు. అద్దెవాళ్లను సామాను సర్దుకోమన్నారు. కట్టడం అయ్యాక చౌక అద్దెకు వాటా ఇస్తామని చెప్పడానికి ఒక ఉద్యోగి వచ్చాడు.

"ఎప్పటికి బాబూ?" అడిగింది బున్‌సున్.

"ఆరేడేళ్లు పట్టొచ్చు, అవ్వా."

"అప్పటికి నేనే ఖాళీ చేసి పోతాలే" అని ఆవిడ పకపకా నవ్వింది. ఆ కుర్రాడు తల దించుకున్నాడు.

సముద్రతీరాన ఉన్న తమ్ముడి కొడుకు ఆవిడను తీసుకెళ్లడానికి వచ్చిన రోజు, దుప్పట్లు మూటకడుతూ గుమోక్ ఉండబట్టలేకపోయింది. "అక్కా, నేను ఆయనకే వేశాను."

"తెలుసే పిచ్చిదానా. నీకు కన్నపిల్ల ఉంది. నాకుంటే నేనూ వేసేదాన్ని."

తిట్టినా బాగుండేది. గుమోక్ ఆ మూటమీదే తల వాల్చి ఏడ్చింది.

ముసలావిడకు ఆ సముద్రపుగాలి పడలేదు. తొలి చలికాలంలోనే కన్నుమూసింది. గుమోక్ బస్సులో వెళ్లేసరికి అంతా అయిపోయింది.

కొండమీద మేడలు లేస్తున్నాయి. కొత్త వాటాలకు లాటరీ తీస్తే హేరిమ్ పేరు రాలేదు. వచ్చినా కొనగలిగే ధర కాదని తర్వాత తెలిసింది.

ఒక ఆదివారం హేరిమ్, ఊరి చివర గుమోక్ చేరిన నేలమాళిగ గదికి వచ్చింది. "అమ్మా, మేం పెళ్లి చేసుకుంటున్నాం. ఎవరి గదిలో వాళ్లుంటాం. సెలవురోజు కలుసుకుంటాం. ఇంకెంతకాలం ఆగమంటావు?"

"మంచిపని చేశావు తల్లీ" అంది గుమోక్. కూతురి చెంప నిమిరింది. మెట్రో దాకా సాగనంపి వెనక్కి వచ్చింది.

పిల్ల పెళ్లని ఎవరికైనా చెప్పాలనిపించింది. మెట్ల దగ్గర నిలబడి చూసింది. పై అంతస్తుల్లో అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. వాటిలో ఒక్కరి పేరూ ఆమెకు తెలియదు.