అబ్రహాం పేరున్న రేకు

రేకు శిలువ ఆకారంలో కత్తిరించాలి. పంచుతో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టాలి. అంచులు మడవాలి. తేజాబ్ అనే ఆమ్లపు తొట్టిలో ముంచి, మిల్లు నుంచి రేకుతో వచ్చిన నల్ల పొక్కంతా ఊడేదాకా ఉంచాలి. కడిగి, పూత అంటుకునేలా నవసాగరం పట్టించి, కరిగిన జస్తాలో, అంటే తుత్తునాగంలో, ముంచి తీయాలి. ఆదివారం ప్రార్థన మొదలయ్యేలోపు సమాధి దగ్గర పాతాలి.

ఇదంతా సిద్దిరాములు ఒక్కడే చేయాలి. తేజాబ్ పని తెలిసిన అబ్రహాం పేరే ఆ రేకు మీద ఎక్కుతున్నది.

మందమర్రిలో బొగ్గుబావి కార్మికుల ఇళ్ళ వెనక, ఒక సేటు పెట్టిన షెడ్డులో ఇద్దరూ ఏళ్ళ తరబడి కలిసి పనిచేశారు. సిద్దిరాములు సందూకలు, అంటే రేకు పెట్టెలు, చేసేవాడు; అబ్రహాం బకెట్లకు జస్తా పూత పెట్టేవాడు. తేజాబ్ ఆవిరి పీల్చి పీల్చి అతని ఛాతీ చెడింది. పందొమ్మిది వందల అరవై ఒకటిలో, వానాకాలం మొదట్లో కన్నుమూశాడు.

అతని భార్య ఆనందమ్మ కోరింది ఒక్కటే, ఇనుప శిలువ. వాళ్ళ తొలిచూలు బిడ్డకు అదే సమాధుల దొడ్డిలో కట్టె శిలువ పెట్టారు. దాన్ని చెదలు తిన్నాయి, నల్లరేగడిలో మట్టిదిబ్బ కుంగిపోయింది. ఈస్టరు వచ్చిందంటే ఆ తల్లి పూలు పట్టుకుపోయి, గడ్డిలో ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోతుంది. మొగుడిని కూడా అట్లా పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

పర్మిటు మీద వచ్చే రేకులో సేటు ఒక ముక్క ఇచ్చాడు, రెండోది అడగవద్దన్నాడు. ఆ గురువారం బకెట్ల కోసం జస్తా పొయ్యి వెలిగించారు. అది ఆరితే మళ్ళీ ఎప్పుడు వెలుగుతుందో సేటుకే తెలియాలి.

పచ్చి అంచు చేతులు కోస్తుంది కాబట్టి సందూకల పనిలో అంచు మడవడమే ముందు. సందూకకు రంగు వేస్తారే తప్ప దాన్ని తేజాబ్‌లో ముంచరు. అబ్రహాం బతికున్నప్పుడు సిద్దిరాములు పూతకు ఏదైనా ముందే మడిచి తెచ్చాడంటే తొట్టి దగ్గరి నుంచే కేకేసేవాడు: "ఏలు తెగుతదని గంత భయమారా? నన్ను ముంచనియ్యి, ఎనుక నీ మడతలేసుకో." షెడ్డంతా నవ్వేది. అబ్రహాం నోటి దూల అనుకుని సిద్దిరాములూ నవ్వేవాడు. ఇప్పుడూ చేతులు తమ అలవాటుకు తాము ముందే మడిచేశాయి.

జస్తాలోంచి శిలువ వెండిలా లేచింది. శుక్రవారం బాగానే ఉంది. శనివారం మధ్యాహ్నం చూస్తే మడతలోంచి ఎర్రటి చార ఒకటి దిగి పేరును తాకుతున్నది. గుడ్డతో తుడిచాడు. కాసేపటికి మళ్ళీ వచ్చింది. తేజాబ్ మడతలో ఇరుక్కుని లోపల్నుంచి ఇనుమును తింటున్నది. పైన వెండిరంగు పూస్తే రేపటి ప్రార్థన గడిచిపోతుంది. కానీ కొన్నాళ్ళకే శిలువ చెయ్యి రాలిపోతుంది. రంగు డబ్బా మూత తీసి, తోచక నిలబడ్డాడు.

అప్పుడే ఆనందమ్మ చూడవచ్చింది. మొగుడి అంగీల మీది తేజాబ్ మరకలు ఉతికిన మనిషి, ఆ ఎర్రటి చారను వెంటనే గుర్తుపట్టింది.

"గిది తేజాబే గద, తమ్మీ?"

"అవు వదినే. మడతల ఇరుక్కున్నది. ముంచక ముందుగాల్నే మడిచిన."

"ఆయన ఉంటే నిన్ను నెల దాంక ఎక్కిరిస్తుండె," అన్నది ఆమె.

ఆపడానికి దారేమిటని అడిగింది. మడతలన్నీ కోసి పారేయాలని, అయితే కోసిన అంచుకు జస్తా ఉండదని, పొయ్యి ఆరిపోయిందని, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుందని దాచకుండా చెప్పాడు. ఎన్నేళ్ళు ఆగుతుందో తనకూ తెలియదన్నాడు.

"బిడ్డ కట్టె రెండు వానలన్న ఆగలే," అన్నది ఆనందమ్మ. "కొయ్యి. పేరుకు తగలకుంట కొయ్యి."

కత్తెర పట్టాడు. రంగు డబ్బా పక్కకు జరిపి, మడతలు కోసి, సున్నపు నీళ్ళతో కడిగాడు. ఎవరి చెయ్యీ తెగకుండా అంచులను ఆకురాయితో నునుపు చేసి తారు పూశాడు. శిలువ సన్నబడింది. పేరు మిగిలింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆనందమ్మ ఆ అంచు వెంట వేలితో నిమిరింది. చెప్పులు విడిచి వెనక నిలబడ్డ సిద్దిరాములు, ఆమె వేలు తెగుతుందేమోనని చూశాడు. తెగలేదు.

తారు తుప్పును కొన్నేళ్ళు ఆపుతుంది, ఎల్లకాలం ఆపదు. పేరు కనబడినన్నాళ్ళు ఆనందమ్మకు పూలు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. అది చెరిగాక ఆ పేరును గుర్తుంచుకునే పని ఇది చదివిన మీకు అప్పగిస్తున్నాను. మీ ఇంటి బకెట్టు ఎత్తినప్పుడు, దాని తెల్లటి పూత కోసం తేజాబ్ తొట్టి మీద వంగి ఊపిరి పోగొట్టుకున్న మనిషి ఒకడున్నాడని, అతని పేరు అబ్రహాం అని, ఒక్కసారి తలచుకోండి.