హిచ్ ఎంచిన వేసవి

ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే హిచ్ ఎంచడం ఓరిన్ మార్చిలో మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆగస్టు, గోధుమ కోతలు. నార్త్ డకోటాలో ఊరు ఊరంతా పొలాల మీద పడి ఉంటే, ఆయన మాత్రం వంటింటి బల్ల నిండా కేటలాగులు పరుచుకుని కూర్చున్నాడు. భార్య మార్లిస్‌కి ఆ బల్ల చూస్తేనే ఒళ్ళు మండిపోతోంది.

ఇంతకీ కొనాల్సింది ఏమంత వస్తువని! ట్రైలర్ ముందు బరువంతా ట్రక్కు వెనక చక్రాల మీదే కూలబడకుండా, ముందు చక్రాలకీ కాస్త పంచే ఇనుప కడ్డీల సామాను. అది లేకుండా కొండదారుల్లో ట్రైలర్ లాగకూడదు, నిజమే. మార్లిస్ ఎప్పుడూ కాదనలేదు. కానీ గొలుసులున్నదా, లేనిదా, ఊగకుండా పట్టే ఏర్పాటు ఒకవైపుంటే చాలా, రెండువైపులా ఉండాలా అని ఇన్ని నెలలు కొట్టుకుంటారా ఎవరైనా? ఒకటి తేల్చేసరికి ఇంటర్నెట్‌లో ఎవడో అది కిర్రుమంటుందని రాస్తాడు. మళ్ళీ కథ మొదటికే.

ఈలోగా అవతల మార్లిస్ తల్లి హుల్డాకి చూపు పోతోంది. చలికాలానికల్లా వెలుగూ చీకటీ తప్ప ఇంకేమీ ఆనదని డాక్టరు చెప్పేశాడు. ఎనభై ఏడేళ్ళ మనిషి, పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. విమానం ఎక్కనంటే ఎక్కనంది. "ఒక్కసారి చూపించండే" అని అడిగిందనే, దారిలో వండుకుని పడుకోవడానికి వీలుగా ఈ ట్రైలర్ కొన్నారు. ఎప్పుడని ఆవిడ అడిగితే ఓరిన్‌ది ఒకటే జవాబు: "వచ్చే వారం, అత్తయ్యా."

"ఏం మనిషివయ్యా నువ్వు! పెళ్ళికి నన్ను ఎంచుకోవడానికి కూడా ఇంతసేపు పట్టలేదే!" అంది మార్లిస్ ఆ ఉదయం.

"నువ్వు విరిగితే అందరం లోయలో పడం కదా," అన్నాడు ఓరిన్ కేటలాగులోంచి తలెత్తకుండా.

"చాల్లే, బయల్దేరు! కంపెనీవాడు రాసింది ఖాళీ ట్రైలర్ బరువు. దాంతో లెక్కలేస్తే ఈ జన్మకి తేలదు. సామాను ఎక్కించు, నీళ్ళు నింపు, అమ్మని కూర్చోబెట్టు, తూయించు. ఎంతొస్తే అంతకి తగ్గది కొను."

ఓరిన్ కేటలాగు మూసి ట్రక్కు తాళాలు తీసుకున్నాడు.

ఊళ్ళోనే కాబట్టి పాత మామూలు హిచ్‌తో మెల్లగా లాక్కెళ్ళారు. ధాన్యం గోదాము కాటా దగ్గర గోధుమ లారీలు బారులు తీరి ఉన్నాయి. ముందు ట్రైలర్ చక్రాలు కాటా బయట ఉంచి ట్రక్కుని తూయించారు. తర్వాత ట్రైలర్ విప్పి పక్కన పెట్టి, వట్టి ట్రక్కుతో మళ్ళీ వరస చివరికి వెళ్ళారు. ఎండకి మార్లిస్ తల పగిలిపోతోంది. వెనక సీట్లో హుల్డా ఒక్క విసుగు మాట అనలేదు. మార్లిస్‌కి అదీ కోపమే. ఈ ఊరి జనం కాలు తొక్కినా "పర్లేదులెండి" అంటారు. వాళ్ళమ్మ అందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది.

రెండో చీటీ చేతికి రాగానే, ట్రైలర్ ట్రక్కు మీద మోపే బరువెంతో తేల్చడానికి ఓరిన్ మొదటి తూకంలోంచి దీన్ని తీసేశాడు. మొహం వెలిగిపోయింది.

"తేలిపోయింది! ఇన్నాళ్ళూ నేను చూసినవన్నీ చిన్నవే. మనకి పెద్ద కడ్డీలది కావాలి!" ఆ సంబరంలో చీటీ వెనక్కి అందించాడు. "చూడండి అత్తయ్యా!"

హుల్డా దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "బావుంది నాయనా. ఈ నల్లదే బావుంది. ఇదే కొనేయ్."

చీటీ మీద బొమ్మేమీ లేదు. తెల్ల కాగితం మీద కాసిని అంకెలు, అంతే.

మార్లిస్ వెనక్కి తిరిగి చూసింది. తల్లి కళ్ళు చీటీ మీద లేవు, పక్కనెక్కడో ఉన్నాయి.

"అమ్మా, ఎప్పట్నుంచి?"

"జూన్‌లోనే పోయిందిలే. నా ఇంట్లో ఏది ఎక్కడుందో చేతులకి తెలుసు, ఇబ్బందేముంది? చెబితే అల్లుడు కంగారుపడి ఏదో తప్పుడుది కొంటాడని ఊరుకున్నా."

మార్లిస్‌కి గొంతు చించుకుని అరవాలనిపించింది. తల్లి మీదా, మొగుడి మీదా, ఇన్నాళ్ళూ కనిపెట్టలేని తన మీదా? ఎవరి మీద మొదలుపెట్టాలో తెలియక ఏడుపొచ్చింది. వెనక లారీవాడు హారన్ కొడుతున్నాడు. ఓరిన్ కదల్లేదు.

"రేపే బయల్దేరదాం అత్తయ్యా," అన్నాడు చివరికి. "అక్కడ ఎలా ఉందో అంతా నేను చూసి చెబుతాను."

"చెబుతావులే నాయనా," అంది హుల్డా. "ఏ మాటతో చెప్పాలో నువ్వు తేల్చుకునేలోపు అల వెనక్కి వెళ్ళిపోతుంది."