దయ్యం చేతికి వాచీ

"నాయనా, రిమోట్ ఇయ్యి. ఎన్నిసార్లు అడగాల?"

"ఇయ్యను పో. నా ఇల్లు, నా టీవీ."

"ఆయాసం గూడ నీదే గదా? మరి మాకెందుకీ భయం?"

రిమోట్ అడుగుతున్న సుప్రియ మార్కాపురంలోనే నర్సింగు చదువుతోంది. తండ్రి సంజీవరావు పలకల ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు కోత మిషను మీద పనిచేశాడు. ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఇది నయమయ్యేది కాదు, ఆయాసం రాకుండా చూసుకోండి అన్నాడు డాక్టరు. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. అందుకని ఇంట్లో నవ్వు మాటలు మానేశారు. అతని భార్య ప్రేమకుమారి తన తమ్ముడు ఎజ్రాను కూడా రావద్దంది. కిందటి నెల ఎజ్రా హాస్యానికి నవ్వి నవ్వే సంజీవరావు ఆటోలో ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడీ సినిమా. పెళ్లైన కొత్తలో భార్యాభర్తలిద్దరూ హాల్లో చూసిన దయ్యం సినిమా. కొడుకు విక్టర్ వెతికి టీవీలో పెట్టాడు. చంద్రుడికి కరెంటు తీగ వేలాడుతోంది. గబ్బిలాలు గొడుగు గుడ్డతో చేసినవి. తెల్లచీర దయ్యం చేతికి మగవాళ్ల వాచీ.

"ఇది గూడ ఒక సినిమానా?" అంది సుప్రియ. "లావుగా ఉండే ఆమె కనపడితే ఎక్కిరించేది, నల్లగా ఉండే ఆమె కనపడితే ఎక్కిరించేది. దీనికి నవ్వెట్లొస్తది?"

"వాటికి నాగ్గూడ రాదమ్మా. వాచీకొస్తది."

తగువు తెగేలా లేదని విక్టర్ టీవీ దగ్గరికి వెళ్లి సౌండు తీసేశాడు. సంజీవరావు ఊరుకోలేదు. దయ్యం నోరు తెరవగానే తనే గొంతు మార్చి, "నేను నూరేండ్ల నుంచి తిరుగుతాండా!" అన్నాడు. మణికట్టు చూసుకుని, "అయ్యో, బస్సు పోతాది!" అన్నాడు.

ప్రేమకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు బయటికి వచ్చేసింది. ఆమె నవ్వడం చూసి అతనూ నవ్వాడు. అంతే, దగ్గు పట్టుకుంది.

సుప్రియ ఆక్సిజన్ మిషను వేసి, ముక్కుకు గొట్టం తగిలించింది. ప్రేమకుమారి వీపు నిమురుతూ కూర్చుంది. పెదవులు నీలంగా మారుతుంటే చూస్తూ నిమరడం తప్ప ఆమె చేతుల్లో ఇంకేమీ లేదు. టీవీలో దయ్యం చప్పుడు లేకుండా ఎవరినో తరుముతూనే ఉంది.

చాలాసేపటికి అతనికి మాట వచ్చింది.

"అద్దం..."

"ఏంది నాయనా? నీళ్లు కావాల్నా?"

"అద్దంలో కెమెరా ఆయప్ప కనపడతాడు. ఆ సీను... పోయిందా?"

పోయింది. దగ్గుతున్నప్పుడే పోయింది. సుప్రియ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. "నన్నేం జెయ్యమంటావమ్మా? నువ్వన్నా చెప్పు."

నవ్వకుండా గడిపిన ఈ నెలలో కూడా అతనికి ఆయాసం తగ్గలేదు. ప్రేమకుమారి మంచం మీది రిమోట్ తీసుకుని సినిమాను వెనక్కి జరిపింది. అద్దం వచ్చింది. అందులో కెమెరా, దాని వెనక టవల్ భుజాన వేసుకున్న మనిషి. సంజీవరావు కళ్లతోనే నవ్వాడు.

ఆమె దుప్పటి సర్ది, కూర ఏం వండాలో చెప్పినంత మామూలుగా అంది.

"విక్టరూ, ఎజ్రా మామకు ఫోన్ చెయ్యి. ఆదివారం ప్రార్థన అయినాక మనింటికే అన్నానికి రమ్మను. అందరం కూచోని దీన్ని మొదట్నుంచి చూస్తాం. సుప్రియా, నువ్వు మిషను పక్కనే కూచో. సౌండు మాత్రం ఎవురూ తీయొద్దు."