బావగారి తనిఖీ

మూడో బానెట్ కూడా తిరుగుటపాలో వచ్చింది. తెచ్చినాయన రేసుకార్ల గ్యారేజీ నడుపుతాడు. దాన్ని బల్లమీద పెట్టి టార్చిలైటు ఏటవాలుగా వేశాడు. అద్దంలా మెరవాల్సిన నల్లటి కార్బన్ ఫైబర్ మీద, సూదితో పొడిచినట్టు వందల గుంటలు.

"ఇదేంటండీ, మొహం నిండా స్ఫోటకం మచ్చల్లా! దీన్ని కారుకి బిగించమంటారా, అటక మీద దాచమంటారా?"

ఆ బానెట్లు తయారుచేసే షెడ్డు యజమాని బుర్ర గోక్కున్నాడు. పక్కన నిలబడ్డ బావగారు మాత్రం గొంతు సవరించుకున్నారు.

"కారణం నేను పట్టుకుంటాను. అసలు మనుషుల్లో భయం తగ్గింది."

బావగారంటే యజమానికి అక్కమొగుడు. అంతకుముందు మూడుచోట్ల ఉద్యోగం వెలగబెట్టారు. మూడుచోట్లా పైవాళ్లకి తెలివి లేకపోవడంతో ఆయనే బయటికి రావలసి వచ్చింది. నాలుగోసారి అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ కన్నీళ్లకి తమ్ముడి దగ్గర ఎప్పుడూ విరుగుడు లేదు. ఆ విధంగా బావగారు ఈ షెడ్డుకి క్వాలిటీ ఆఫీసరయ్యారు. ఆయన కుడిచేతికి మామగారు పెళ్లిలో పెట్టిన ఉంగరం ఉంది. దాని రాయి ఊడిపోయి ఆరేళ్లయింది. రాయిని పట్టుకునే నాలుగు కొక్కేలు మాత్రం ఆకలేసిన నోటిలా తెరుచుకుని ఉన్నాయి. అత్తింటివాళ్లు తమంతట తాము చూసి కొత్తరాయి వేయించాలని ఆయన పంతం. వాళ్లు చూడక కాదు. చూశామంటే వేయించాల్సి వస్తుందని ఊరుకున్నారు.

షెడ్డులో పని ఇలా జరుగుతుంది. అచ్చులో కార్బన్ ఫైబర్ నల్లబట్ట పొరలుపొరలుగా పరుస్తారు. పైన పల్చటి ప్లాస్టిక్ కప్పి, అంచులు జిగురుపట్టీతో మూసి, పంపుతో లోపలి గాలంతా లాగేస్తారు. పంపు గొట్టం మూసేసి పావుగంట చూస్తారు. మీటరు ముల్లు కదలకపోతే ఎక్కడా లీకు లేనట్టు. అప్పుడు రెండో గొట్టం తెరిస్తే రెసిన్ అనే చిక్కటి జిగురు బట్టంతా పాకి తడుపుతుంది. చీమ తలకాయంత గాలి దూరినా చాలు, అది బుడగై, గట్టిపడ్డాక గుంటై మిగులుతుంది.

బట్ట పరిచేది కత్తెరమ్మ. అసలు పేరు వేరే ఉంది. పన్నెండేళ్లుగా చేతిలో కత్తెర తప్ప ఇంకోటి చూడక అందరూ ఆ పేరే ఖాయం చేశారు.

బావగారి పరిశోధన మొదలైంది. మొదటి వారం టీ మీద అనుమానం వచ్చింది. ఆవిరి బట్టకి పడుతోందని టీ బంద్ చేశారు. గుంటలు తగ్గలేదు. రెండో వారం మాటల మీద అనుమానం వచ్చింది. "నోరు తెరిస్తే గాలేగా వచ్చేది," అన్నారు. ఆ విషయంలో ఆయనకి స్వానుభవం ఉందని పంపు చూసే ముసలాయన గొణిగాడు. మూడో వారం ఆయన చూపు కత్తెరమ్మ చేతుల మీద పడింది.

"ఏమ్మా, ఆ గాజులేంటి? ప్లాస్టిక్‌కి గుచ్చుకోవూ? తియ్, అన్నీ తియ్."

ఆమె తీసి డబ్బాలో పెట్టింది. ముసలాయన వాచీ కూడా విప్పించారు. అయినా గుంటలు పడ్డాయి. దాంతో కత్తెరమ్మని బట్ట బల్ల దగ్గర్నుంచి లేపి, పాడైన బానెట్లకి గుంటలు పూడ్చి సానపట్టే గదిలోకి నెట్టారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!

ఆమె వెళ్లిపోయాక కూడా గుంటలు పడుతూనే ఉన్నాయి. "ఆవిడ అలవాట్లు మిగతావాళ్లకి అంటుకున్నాయి," అన్నారు బావగారు.

సానగదిలో దుమ్మంతా కత్తెరమ్మ ముక్కులోకి పోతోంది. పన్నెండేళ్లలో ఒక్క మాట పడి ఎరగదు. కానీ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. అచ్చులోంచి తీసిన ప్రతి బానెట్ వెనక సుద్దతో తయారైన తేదీ రాయడం మొదలుపెట్టింది. నెలలో రెండే రెండు శుభ్రంగా వచ్చాయి. ఆ రెండు తేదీలూ పట్టుకెళ్లి ముసలాయన్ని అడిగింది.

"ఆ రెండ్రోజులూ ఏం మారింది తాతా?"

"ఏం మారలేదమ్మా. హాయిగా గడిచాయి. బావగారికి పన్ను నొప్పి, రాలేదు."

కత్తెరమ్మ ఆలోచనలో పడింది. మర్నాడు సానగది తలుపు సందులోంచి కన్ను తీయకుండా చూసింది. మీటరు పరీక్ష అయింది, ముల్లు కదల్లేదు. తర్వాత బావగారొచ్చారు. గేదెను బేరమాడేవాడు వీపు నిమిరినట్టు ప్లాస్టిక్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా నిమిరారు. మూలల్లో ఇంకాస్త నొక్కి, "ఊఁ, కానివ్వండి," అని వెళ్లిపోయారు.

కత్తెరమ్మ బయటికొచ్చింది. "తాతా, రెసిన్ తెరవకు. ఇంకోసారి పరీక్ష పెట్టు."

"బావగారు సరేనన్నాక కూడానా?"

"ఆయన సరేనన్నారు గనకే."

అయిదు నిమిషాల్లో ముల్లు జారిపోయింది. ఆమె వంగి ప్లాస్టిక్ దగ్గర చెవి పెట్టింది. మూలలో సన్నగా ఈల. అక్కడ పక్కపక్కనే నాలుగు గీతలున్నాయి, పిల్లి గీరినట్టు. షెడ్డులో అందరి చేతులూ బోసిగా ఉన్నాయి, ఒక్క చెయ్యి తప్ప.

యజమానిని పిలిచి చూపించింది. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"కంచే చేను మేస్తోందన్నమాట!"

"మీరే చెప్పండి సార్ ఆయనకి."

"నేనా? బావగారు అలిగితే అక్క పెట్టె సర్దుకుని మా ఇంటికొచ్చి కూర్చుంటుంది. ఆ లీకుని ఏ పట్టీతో మూయమంటావ్? పోనీ నువ్వు చెప్పు."

"నేను చెబితే గాజులు తీయించిన కక్ష అంటారు." కత్తెరమ్మ ఆ నాలుగు గీతల మీద జిగురుపట్టీ అంటించింది. "సార్, ఉంగరానికి రాయి వేయించండి. చిన్నది కాదు, కళ్లు చెదిరేంత పెద్దది."

"పెద్దదెందుకు?"

"చిన్నదైతే రోజూ పెట్టుకొస్తారు. పెద్దదైతే బీరువాలో దాచుకుంటారు."

యజమాని అక్కకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు.  అక్క నవ్వింది, దగ్గు వచ్చేదాకా నవ్వింది. "ఆ కొక్కేలకి నా చీరలెన్ని చిరిగాయో నీకేం తెలుసురా! వెంటనే వేయించు."

రాయి పడింది. బావగారు దాన్ని మూడు రోజులు వీధి వీధంతా చూపించి, నాలుగోరోజు రెసిన్ మరక పడుతుందేమోనని బీరువాలో పెట్టి తాళం వేశారు. బానెట్లు అద్దాల్లా రావడం మొదలైంది.

బావగారు పదకొండు పేజీల రిపోర్టు రాశారు. టీ ఆపడం, నోళ్లు మూయించడం, భయం పెంచడం వల్ల లోపం పోయిందని తేల్చారు. గ్యారేజీ ఆయన వస్తే కూర్చోబెట్టి అదంతా చదివి వినిపించారు. ఆయన ఓపిగ్గా విని ఒకే మాట అడిగాడు.

"అదంతా సరేనండీ, గుంటలంటే లీకేగా, లీకున్నప్పుడు ముల్లు ఎంతసేపట్లో జారేది?"

"ఏ ముల్లు?" అన్నారు బావగారు.

"అయిదు నిమిషాల్లో," అంది సానగది గుమ్మంలోంచి కత్తెరమ్మ.

గ్యారేజీ ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. తర్వాత అరగంటసేపు అడగాల్సినవన్నీ ఆమెనే అడిగాడు. "అన్నీ నేను నేర్పినవే," అని బావగారు మధ్యమధ్య అంటూనే ఉన్నారు గాని, ఎవరూ కాదనలేదు, అవుననలేదు.

మర్నాడు యజమాని బతిమాలుతూ వచ్చాడు. "మళ్లీ బట్ట బల్లకి వచ్చెయ్ కత్తెరమ్మా."

"వస్తాను సార్. కానీ ఒక కాగితం మీద రాసివ్వండి. పరీక్ష అయ్యాక ప్లాస్టిక్ మీద ఎవరూ చెయ్యి వేయకూడదని. ఎంతవారైనా సరే."

యజమాని అటూ ఇటూ చూసి, బావగారు లేరని రూఢి చేసుకుని సంతకం పెట్టాడు. ముసలాయన ఆ కాగితాన్ని తలుపుకి అంటించాడు. సాయంత్రం బావగారు దాని ముందు ఆగారు. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. ఇక కొంప మునిగిందని యజమాని గోడౌన్‌లోకి తప్పుకున్నాడు. బావగారు జేబులోంచి పెన్ను తీసి, కింద "నా ఆదేశం ప్రకారం" అని రాసి, తేదీతో సహా పొడుగాటి సంతకం చేసి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న కత్తెరమ్మ అది చదివింది.  బట్ట కత్తిరిస్తుంటే నవ్వు తన్నుకొచ్చింది. కొలత తప్పుతుందేమోనని రెండుసార్లు కత్తెర పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది.