అగ్గిపుల్ల ఇరికించి వెలిగించిన దీపం

దుఖాన్ చమురు క్షేత్రంలో పంపుల గొయ్యి అంచున ఒక ఇనుపపెట్టె, దాని మీద శనగగింజంత ఎర్ర ఎల్.ఇ.డి. దీపం ఉండేవి. గొయ్యిలో విషవాయువు చేరితే దీపం వెలుగుతుంది. వెలగకపోతే దిగవచ్చు. చదువురాని కూలీలకు సైతం ఆ ఒక్క గుర్తు తెలుసు. 1979లో కంపెనీ పాత పన్నెండు వోల్టుల పెట్టె తీసేసి ఇరవై నాలుగు వోల్టులది తెచ్చింది. దానికి దీపం బిగించే పని రాజేశం మీద పడింది.

జగిత్యాలలో రేడియోలు బాగుచేసిన రాజేశానికి ఆ లెక్క కొట్టినపిండి. ఇరవై నాలుగులో దీపానికి పోయేది రెండు వోల్టులు, మిగిలిన ఇరవై రెండూ కరెంటును అదుపుచేసే రెసిస్టరు మోయాలి. అందుకు పన్నెండు వందల ఓములది కావాలి. స్టోరులో ఉన్నవన్నీ పాతపెట్టె కోసం తెచ్చిన నాలుగు వందల డెబ్బై ఓములవే.

"మామా, ఇది చాలదు. కరెంటు ఎక్కువ గుంజి దీపం మాడిపోతది. వారం ఆగి దోహా నుంచి తెప్పిద్దాం," అన్నాడు.

ఫోర్‌మన్ ముత్యం మొహం చిట్లించాడు. "రేపు పెద్దసాబులు చూడనీకి వస్తున్రు. వారం ఆగుమని వాళ్ళకు నువ్వు చెప్తవా? ఉన్నది పెట్టు, యల్లా, జల్ది కానియ్యి!"

రాజేశానికి వీసా ఇప్పించినవాడు ముత్యమే. ఆ మొహమాటానికి లొంగి ఉన్నదే బిగించాడు.

దీపం పనిచేస్తోందో లేదో చూసే పరీక్షమీట నొక్కితే అది ధగధగా వెలిగింది. మరునాడు సాబులు తిరిగినంతసేపూ అది వెలుగుతూనే ఉండాలని ముత్యం ఆ మీట నొక్కి, పైకి లేవకుండా అగ్గిపుల్ల ఇరికించాడు. సాబులు మెచ్చుకుని వెళ్ళారు. పుల్ల తీయబోయేసరికే దీపం ఆరి ఉంది. ఆరి ఉండటమే దాని మామూలు కనుక ముత్యం పట్టించుకోలేదు. రాజేశం కూడా వచ్చి మీట నొక్కి చూడలేదు.

మూడోనాడు పొద్దున, క్యాంపులో రాజేశం పక్కమంచం వాడైన గంగన్న నిచ్చెన పట్టుకున్నాడు. "తమ్మీ, బత్తి ఎలుగుతలేదు, దిగుతున్న," అన్నాడు. రాజేశం తల ఊపాడు. గంగన్నను పైకి తెచ్చేసరికి ఊపిరి లేదు.

కూలీ అజాగ్రత్త అని కంపెనీ కాగితం రాసుకుంది. చచ్చినవాడు ఎదురు మాట్లాడడు గదా! అప్పుడు తెరిచాడు రాజేశం నోరు. అందరి ముందూ రెసిస్టరు సంగతి బయటపెట్టాడు. వారం తిరక్కుండా అతన్ని విమానం ఎక్కించారు. ఆ వారమే పన్నెండు వందల ఓములవి స్టోరుకు చేరాయి.

అతడు నేరుగా గంగన్న ఇంటికి వెళ్ళాడు. నిజం చెప్పి కొలువు పోగొట్టుకున్నందుకు గంగన్న భార్య ఎల్లవ్వ ఒక మంచిమాట అంటుందని లోలోపల ఆశ. ఆమె అంతా విన్నది.

"గది చాలదని నీకు ముందుగాలనే ఎర్కేనా?"

"ఎర్కే, వదినా."

"ఆయన దిగేటప్పుడు ఆడనే ఉన్నవా?"

"ఉన్న."

"మరి ఆడ ఆయనకు జెప్పని మాట, ఇప్పుడు నాకెందుకు జెప్తున్నవయ్యా?"

పని తెలిసినవాడు ప్రమాదానికి ముందే నోరు విప్పాలి; ప్రాణం పోయాక చెప్పే నిజంతో చెప్పినవాడి గుండెబరువు తగ్గుతుందేమో గాని, పోయినవాడికి ఒరిగేదేమీ లేదు.