అర అంగుళం పక్కకి

ఆఖరి కుట్టు ముడివేసి డాక్టరమ్మ ఒక అడుగు వెనక్కి జరిగి చూసింది. కొత్తగా కుట్టిన బొడ్డు నడిమధ్యన లేదు. ఎడమవైపుకు అర అంగుళం జరిగింది. మందుతో తుడిచినప్పుడు తాను గీసుకున్న నడిమి గీత చెరిగిపోతే, మళ్ళీ కొలవకుండా కంటి అంచనాతో కోసేసింది. ఎదురుగా ఉన్న నర్సు కూడా చూసింది. చూసి, ట్రేలో కత్తెరలు సర్దుకోసాగింది. విప్పి మళ్ళీ కుట్టాలంటే ఇంకో గంట పడుతుంది. బయట మరో పేషెంటు స్ట్రెచర్ మీద సిద్ధంగా ఉన్నాడు. డాక్టరమ్మ కట్టు కట్టెయ్యమంది.

బల్ల మీద మత్తులో ఉన్నామె దర్జీ. రెండేళ్ల కిందట హెర్నియా ఆపరేషన్‌లో ఆమెకు బొడ్డు తీసెయ్యాల్సి వచ్చింది. అప్పటినుంచీ తన పొట్ట మూతి కుట్టేసిన జేబులా ఉందని ఆమే నవ్వుతూ చెప్పింది. తన పొట్ట చూసి చిన్న కూతురు జడుసుకుందని చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు.

కట్టు విప్పిన రోజు దర్జీ అద్దంలో తేరిపార చూసుకుని, కాస్త పక్కకి ఉన్నట్టుందే అంది. వాపు తగ్గితే సర్దుకుంటుందని డాక్టరమ్మ సర్దిచెప్పింది. నెల తరవాతా అదే మాట చెప్పింది. మూడో నెలలో, తేడా మీ చూపులోనే ఉందేమో, ఓసారి కళ్లు పరీక్ష చేయించుకోండి అనేసింది. వెంట వచ్చిన భర్త, వినపడిందా, ఇకనైనా ఆ అద్దాన్ని వదిలిపెట్టు అన్నాడు. దర్జీ తలవంచుకుని వెళ్లిపోయింది. డాక్టరమ్మ తరవాతి పేషెంటును పిలిచింది.

ఆరో నెలలో దర్జీ ఒక్కతే వచ్చింది. బొడ్డు సంగతి ఎత్తనేలేదు. మచ్చ దురద పెడుతోందని మందు రాసిమ్మంది. మొహానికి కొత్త కళ్లజోడుంది. అదెప్పుడు వచ్చిందని డాక్టరమ్మ మాటవరసకి అడిగింది.

"మీరు చెప్పాకే వెళ్లానమ్మా. కళ్ల డాక్టరు ఏమీ లేదన్నాడు. నేనే బతిమాలి పెట్టించుకున్నా."

ఇరవై ఏళ్లుగా గుడ్డ చూడగానే నడిమి గీత పెట్టిన మనిషి. ఇప్పుడు గుండీల పట్టీ కుట్టడం, వంకరేమోనని విప్పడం, మళ్ళీ కుట్టడం. విసిగిపోయిన దుకాణం యజమాని కోట్ల కత్తిరింపు ఇంకొకరికి అప్పజెప్పి, ఆమెను గుండీలకు కాజాలు కుట్టే చోట కూర్చోబెట్టాడట. ఎవరిమీదా నిష్ఠూరం లేకుండా చెప్పుకుపోయింది.

డాక్టరమ్మ మందు చీటీ రాయడం ఆపి కలం కింద పెట్టింది.

"మీ కళ్లు బాగానే ఉన్నాయి. అది పక్కకే ఉంది."

"మీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. బల్ల మీదే."

దర్జీ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. నెమ్మదిగా అంది: "కుట్టు నాకూ తప్పుతుందమ్మా. విప్పి మళ్ళీ కుట్టి ఇస్తాను. అంతేగానీ, వేసుకున్నవాళ్ల ఒళ్లే వంకరని ఏనాడూ అనలేదు."

తానే సరిచేస్తానంది డాక్టరమ్మ. వద్దు, మీకన్నా పెద్దవాళ్ల చేత చేయించండి, మా ఆయనకి మాత్రం మీ నోటితోనే చెప్పండి అంది దర్జీ. మర్నాడు వరండాలో, పదిమంది రోగుల మధ్య డాక్టరమ్మ ఆ మాట దర్జీ భర్తకు చెప్పింది. అతను భార్య వంక చూడబోయి, చూడలేక గోడకేసి తిరిగాడు.

డాక్టరమ్మ తనకు పని నేర్పిన పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. పొరపాటు సరే, ఈ ఆరు నెలలూ ఏం చేశావని అడిగాడాయన. ఆపరేషన్ ఆయనే చేశాడు. పక్కన నిలబడిన డాక్టరమ్మ, ఆయన చెప్పినచోట చర్మం లాగిపట్టుకుంది. ఈసారి బొడ్డు సరిగ్గా నడుమ కుదిరింది.

ఇంటికి వెళ్లేరోజు దర్జీ పెద్ద డాక్టరుకి దణ్ణం పెట్టింది. డాక్టరమ్మ వైపు ఒకసారి తలూపి వెళ్లిపోయింది.

రెండు నెలల తరవాత డాక్టరమ్మ ఆ దుకాణం మీదుగా వెళ్తూ ఆగింది. అద్దాల వెనక దర్జీ పొడవాటి బల్ల మీద నల్లటి గుడ్డ పరిచి, తడుముకోకుండా కత్తెర నడిపిస్తోంది. పలకరిద్దామని డాక్టరమ్మ తలుపు దాకా వెళ్లింది. లోపలికి వెళ్లే మొహం లేక, వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.