ఉన్ని మేజోళ్లతో మంచు మీద

సైమి ఫోన్ చేసి, "తీసుకొస్తున్నానే పిల్లా. రానంటున్నాడు గాని, రానంటూనే బూట్లు తొడుక్కుంటున్నాడు" అనగానే ఊనా పొయ్యి మీద కాఫీ పెట్టింది. యాలకుల రొట్టెలు పొద్దున్నే చేసి ఉంచింది. నోరు తీపి చేసినంత మాత్రాన తైస్తో ముసలాయన నోట్లోంచి మంచి మాట ఊడిపడుతుందని ఆమెకేమీ ఆశ లేదు. ఆశ లేకపోయినా రొట్టెలు చేయడం ఆ ఊరి అలవాటు.

సాయంత్రంలోగా ఊనా ఒక సంగతి తేల్చి చెప్పాలి. యామ్సా పట్నానికి ఇవతల, సరస్సు ఒడ్డున మూతబడ్డ పాలకేంద్రాన్నే ఇల్లు చేసుకుని మూడు శీతాకాలాలు ఆమె ఒక కంప్యూటరు ఆట తయారుచేసింది. మంచు దారుల మీద ర్యాలీ పందెం కారు తోలే ఆట. తెర ముందు ఇనుప చట్రం, దానికి బిగించిన అసలు కారు సీటు, స్టీరింగు, కాళ్ల దగ్గర పెడళ్లు, పక్కన హ్యాండ్‌బ్రేకు. దాన్ని బజారులోకి తెస్తామన్న హెల్సింకి కంపెనీ ముందుగా దేశదేశాల ఆటగాళ్లకు ఇచ్చి ఆడించింది. వాళ్లందరిదీ ఒకటే పాట. మంచు మీద కారు ఇంత మాట వినదు, ఇంత తేలిగ్గా తోలగలిగితే అది నిజం కాదు, కారు తోక దారి పక్క మంచుగోడకి తగిలితే బొక్కబోర్లా పడాలి గాని ఇదేమిటి, గోడే కారును నిలబెడుతోంది! కంపెనీవాళ్లు మర్యాదగానే అడిగారు. మంచును ఇంకాస్త జారుడుగా, గోడను రాయిలా మారుస్తావా, లేకపోతే మమ్మల్ని ఈ ఆటను వదిలెయ్యమంటావా?

ఆ ఉత్తరాలు చదివినప్పుడల్లా ఊనాకి ఒళ్లు మండిపోయేది. మంచుగడ్డను నిమ్మరసం గ్లాసులో తప్ప చూడని వాళ్లు తనకు మంచు గురించి చెబుతారా! ఇక్కడ లైసెన్సు కావాలంటే ముందు జారుడు దారి మీద కారును కావాలని జార్చి, మళ్లీ దారికి తెచ్చి చూపించాలి. చలికాలం సరస్సు గడ్డకట్టాక అవతలి ఒడ్డుకు దానిమీదనుంచే వెళ్తారు. అదంతా సరే. కాని ఊనా జీవితంలో తోలింది తన బుల్లి కారునే. అసలైన ర్యాలీ కారు స్టీరింగు ఆమె ఎన్నడూ పట్టుకోలేదు. కోపం చల్లారగానే భయం పట్టుకునేది. ఒకవేళ వాళ్లే నిజమైతే? తనకు నచ్చిన మంచును తనే కల్పించుకుని మూడేళ్లు మురిసిపోతే?

అది తేల్చగలిగిన మనిషి ఆ చుట్టుపక్కల తైస్తో ఒక్కడే. ఒకప్పుడు ఆయన కారు వస్తోందంటే అడవిలో మోకాలి లోతు మంచులో జనం నిలబడేవారు. పక్క సీట్లో కూర్చుని, ముందే రాసుకున్న దారి చదివి వినిపించేది సైమి. ముందు మలుపు ఎడమా కుడా, మెత్తనా బిగువా, అన్నీ ఆమె చెప్పాలి, ఈయన తోలాలి. ఒకే కారులో ఇరవయ్యేళ్లు తిరిగారు, మొగుడూపెళ్లాలు మాత్రం కాలేదు. కాలేదు కాబట్టే ఇరవయ్యేళ్లు తిరగగలిగారని ఊళ్లో అంటారు. రెండేళ్ల కిందట తైస్తో కొట్లో కళ్లు తిరిగి పడిపోతే డాక్టరు డ్రైవింగు లైసెన్సు రద్దు చేయించాడు. అప్పటినుంచి ఆయన సరస్సు వైపు వెళ్లడం మానేశాడు. ఎక్కడికైనా సైమి తోలుకెళ్తే, పక్క సీట్లో కూర్చుని నేలమీద లేని బ్రేకు తొక్కుతుంటాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. తైస్తో తన తప్పు ఒప్పుకోగా విన్న మనిషి ఈ భూమ్మీద లేడు. గెలిస్తే తన గొప్ప. ఓడితే టైర్లది తప్పు, మంచుది తప్పు, ఎదురుగా వచ్చిన ఎండది తప్పు, ఒకసారి దుప్పిది. మిగిలినవన్నీ సైమివి. రేడియోలో ఆయన సాకులు వినడానికే దేశమంతా పోటీ అయ్యాక కూడా కూర్చునేదట.

వాకిట్లో కారు ఆగింది. ఇద్దరూ బూట్లకంటిన మంచు దులుపుకుని, వాటిని గుమ్మం దగ్గర విడిచి లోపలికి వచ్చారు. తైస్తో కాళ్లకి చెల్లెలు అల్లిన లావుపాటి ఉన్ని మేజోళ్లు, చేతిలో గుడ్డ సంచి.

"ఇదేనా నీ కారు?" అన్నాడు చట్రం చుట్టూ తిరిగి. "చక్రాలేవే?"

"లోపలున్నాయి బాబాయ్, లెక్కల్లో."

"లెక్కల్లో చక్రాలు! విన్నావా సైమీ? ఈ సీటెక్కడిది?"

"పాత కార్లు విరగ్గొట్టే చోట దొరికింది."

"పాపం, చచ్చాక కూడా దీనికి పని తప్పలేదు," అంటూ కూర్చున్నాడు. సంచిని జాగ్రత్తగా సీటు వెనక పెట్టుకున్నాడు.

ఊనా ఆట పెట్టింది. తెరమీద తెల్లటి దారి పరుచుకుంది. వాళ్ల ఊరిదే, అడవిలోంచి సరస్సు మీదికి దిగి చుట్టి వచ్చే దారి. సైమి పక్కనే గోడకి చేరబడి నిలబడింది. తైస్తో బయల్దేరాడు, నోరు కూడా బయల్దేరింది.

"స్టీరింగు పర్వాలేదు... ఇదేంటిది, ఆగదేం? ఆగవే తల్లీ! చూశావా, నేను తొక్కిందొకటి, ఇది చేసిందొకటి! ఇది మంచా, సబ్బు నీళ్లా?"

మొదటి మలుపులోనే కారు మంచుగోడలో దూరింది. మళ్లీ పెట్టారు. ఈసారి రెండో మలుపు దాకా వెళ్లి చెట్టును గుద్దుకుంది. ఆ తర్వాతి సారి వెనక్కి తిరిగి, వచ్చిన దారినే చూస్తూ ఆగిపోయింది. ప్రతిసారీ తప్పు ఎవరిదో తైస్తో విడమరచి చెప్పాడు. బ్రేకుది, యాక్సిలరేటరుది, కంప్యూటరుది, కరెంటుది. ఊనాదని మాత్రం అనలేదు. రొట్టెల వాసన వస్తోంది కదా మరి.

"బొమ్మ బాగుందే అమ్మాయ్," అన్నాడు చివరికి లేస్తూ. "అడవి మన అడవే. కాని ఇది కారు కాదు. కారైతే కాలికి తెలుస్తుంది. నా కాలికేమీ తెలీలేదు."

ఊనా కాఫీ గిన్నె చేతిలోకి తీసుకుంది. ఆ ఆటగాళ్లేమో కారు మరీ మాట వింటోందన్నారు, ఈయనేమో అసలు వినలేదంటున్నాడు. ఎటు చూసినా తన మంచు అబద్ధమే. ఆయన కప్పులో కాఫీ పోసి, ఏడుపు కనపడకుండా అటు తిరిగి ఫోన్ తీసింది. మార్చేస్తానని కంపెనీకి చెప్పేస్తే ఒక పని అయిపోతుంది.

"ఆ ఫోనక్కడ పెట్టెయ్," అంది సైమి.

"చాల్లే పిన్నీ. బాబాయ్ చెప్పారుగా."

"ఆయన చెప్పాడు. నేను చెప్పానా? నువ్వు తెర చూశావు, ఆయన తెర చూశాడు. నేను తెర చూళ్లేదు. ఇరవయ్యేళ్లలో నేను దారెప్పుడు చూశాను గనక? తల దించుకుని మలుపులు చదవడం, కంటి చివర్న ఈయన కాళ్లు చూడటం, అంతేగా నా బతుకు. ఇవాళా కాళ్లే చూశా." ఆమె తైస్తో పాదాల వైపు వేలు చూపించింది. "ఏమయ్యా, ఎప్పుడన్నా మేజోళ్లతో తోలావా నువ్వు?"

తైస్తో కిందికి చూసుకున్నాడు. ఊనా కూడా చూసింది. రొట్టెంత మందం ఉన్నిలో ఆ పాదాలు మునిగిపోయి ఉన్నాయి.

"పెడలు మీదనుంచి జారి పక్కకి పోతోంది కాలు," అంది సైమి. "బ్రేకు తొక్కితే యాక్సిలరేటరు తగుల్తోంది. కాలికెలా తెలుస్తుంది, దుప్పట్లో చుట్టి పెడితే?"

"అయితే ఏం చెయ్యమంటావ్? బూట్లతో జొరబడమంటావా పరాయి ఇంట్లోకి? నన్నేమనుకున్నావ్?"

ఊనా నెత్తి కొట్టుకుంది. మూడు శీతాకాలాలుగా ఆ గదిలోకి బూటు కాలు పెట్టిన వాళ్లు లేరు. తను ఒట్టి కాళ్లతో తోలుతుంది, అదే అలవాటైపోయింది. బూట్లు విడవకుండా లోపలికి రమ్మని ఒక మనిషిని అడగాలన్న ఆలోచన ఆ ఊళ్లో పుట్టిన బుర్రకు తట్టదు.

"పాత జోళ్లేమన్నా తెచ్చుకుని ఉంటే బాగుండేది, పల్చటివి," అంది.

తైస్తో కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. సైమి ఆయన్ని చూసింది, తర్వాత సీటు వెనకున్న సంచిని చూసింది. ఆయన అడ్డం వచ్చేలోగా తీసి విప్పేసింది. లోపల తైస్తో డ్రైవింగు జోళ్లు. ఎర్ర తోలు వెలిసిపోయి, అడుగు కాగితమంత పల్చబడి, కాని ఆ పొద్దునే నూనె రాసి తుడిచినట్టు మెరుస్తున్నాయి.

"రానన్నావుగా?" అంది సైమి.

"సంచిలో ఉండిపోయాయి. నాకేం తెలుసు?"

ఊనాకి నవ్వాగలేదు. సైమికీ ఆగలేదు. చివరికి ముసలాయన మూతి కూడా ఒక పక్కకి వంకర పోయింది. అయినా జోళ్లు వేసుకోవడానికి ఎంత బతిమాలించుకున్నాడో! ఊనా నేలమీద వార్తాపత్రిక పరిచింది. అది చాలదన్నాడు. "ఆ తలుపు దగ్గరగా వెయ్యి. ఎవడన్నా చూస్తే ఇంట్లో చెప్పులేసుకు కూర్చున్నాడని ఊరంతా చెప్పుకుంటారు."

తలుపు వేసింది. ఆయన మేజోళ్లు విప్పి, జోళ్లు తొడిగి, లేసులు బిగించి, పెడళ్ల మీద కాలి మునివేళ్లు ఆనించాడు. సైమి వంటగదిలోంచి పొట్టి బల్ల తెచ్చుకుని పక్కన వేసుకుంది. ఆ దారి ఆమెకు కంఠతా వచ్చు. తల దించుకుని మొదలుపెట్టింది.

"ఎడమ, మెత్తగా. గట్టెక్కి దిగు. కుడి, బిగువు, గోడకి ఆనుకో..."

కారు కదిలింది. తైస్తో ఏమీ అనలేదు. మొదటి మలుపుకు ముందే కారు ముక్కును అవతలికి విసిరి, తోకను ఇవతలికి రప్పించి, అడ్డంగా మలుపులోకి దిగాడు. తోక వెళ్లి మంచుగోడకి మెత్తగా ఆనింది. గోడ దాన్ని నిలబెట్టి దారిలోకి పంపింది. ఆటగాళ్లంతా అబద్ధమన్న గోడ! ఆయన ఏదో ఒకటి అంటాడని ఊనా చూసింది. గదిలో సైమి గొంతు తప్ప ఇంకేమీ లేదు. ఎడమ, కుడి, పొడుగు, వంతెన, సరస్సు. ముసలాయన భుజాలు దిగాయి, చేతులు వదులయ్యాయి. స్టీరింగు చేతిలో తిరుగుతుంటే దాన్ని పట్టుకుంటున్నాడు, వదులుతున్నాడు, మళ్లీ పట్టుకుంటున్నాడు. పక్కనుంచి చూస్తుంటే ఆయన కూర్చున్న ఇనుప చట్రం నిజంగానే ఎటో వెళ్తున్నట్టుంది.

సరస్సు దాటి చివరి మలుపు. "కుడి, పొడుగు, కాలు తియ్యకు," అంది సైమి.

కారు వెనక భాగం ఒక్కసారిగా జారింది. గిర్రున తిరిగి గోడలోకి దూసుకుపోయింది. తెరంతా తెల్లబడింది.

ఊనా కళ్లు మూసుకుంది. ఇప్పుడు మొదలుపెడతాడు. టైర్లా, కరెంటా?

"నా తప్పే," అన్నాడు తైస్తో.

బల్ల కింద పడ్డ చప్పుడైంది. సైమి లేచి నిలబడి ఉంది.

"ఏమన్నావ్?"

"నా తప్పే అన్నా. చెవుడొచ్చిందా? యాక్సిలరేటరు మీంచి కాలు ముందే తీశా. బండి చెప్తూనే ఉంది పాపం. స్టీరింగు తేలికైపోయింది, చేతికి తెలిసింది. తెలిసీ తీశా."

"ఊనా! విన్నావా?" సైమి కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియనట్టుంది. "తప్పు చేసినప్పుడల్లా ఈయన చెవి ఎర్రబడేదే. చెవి ఎర్రబడేది, నోరు మాత్రం టైర్లనేది. ఇదిగో చూడు చెవి! ఇవాళ నోరు కూడా ఒప్పుకుంది! ఇంకేం కావాలే నీకు? ఇది కారేనే పిల్లా. కారే!"

ఊనా ఫోన్ తీసింది. కంపెనీ ఆయన ఎత్తగానే, "మంచు మార్చను. గోడా మార్చను," అంది.

"అలాగంటే ఎలా? అది నిజంలా ఉందని ఎవరన్నారు?"

"తైస్తో గారు ఇప్పుడే తోలారు. గోడలో గుద్ది, తప్పు నాదే అన్నారు."

"మన తైస్తోయేనా? ఎండ మీద, దుప్పి మీద తప్పు పెట్టే తైస్తోనా?"

"ఆయనే."

"తన నోటితో అన్నాడా?"

"రెండుసార్లన్నారు."

"మా నాన్న బతికుంటే ఎంత బాగుండేది ఇది వినడానికి," అన్నాడాయన. తర్వాత, "సరే, ఏమీ మార్చకు. ఆ మాటే ఆట పెట్టె మీద అచ్చు వేద్దాం. ఆయన ఒప్పుకుంటాడా?" అన్నాడు.

అడగడానికి ఊనా వెనక్కి తిరిగింది. ముసలాయనకు ఇవేవీ పట్టలేదు. ఆయన కాఫీ పూర్తిగా చల్లారిపోయింది. ఆ ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లోనూ ఆయన కాఫీ చల్లారనివ్వడం ఎవరూ చూసి ఉండరు.

"మళ్లీ పెట్టవే," అన్నాడు. "సైమీ, బల్ల తెచ్చుకో."

మళ్లీ పెట్టింది. ఈసారి కారు వంతెన దగ్గరే పోయింది. "అదీ నా తప్పే!" అని అరిచాడు, పోటీలో కప్పు గెలిచినట్టు. ఆ తర్వాత మలుపులో మళ్లీ పోయింది. "అదీ!" ఆయన ముఖం వెలిగిపోతోంది. ఊనాకి అప్పుడర్థమైంది. రెండేళ్లుగా ఈ మనిషికి తప్పు చేయడానికి కూడా ఏమీ మిగల్లేదు. కూర్చోబెట్టి తీసుకెళ్తున్నారు, దింపుతున్నారు. తన మంచు నిజమని తేలినందుకు పడ్డ సంతోషం కన్నా, ఆయనకు మళ్లీ తప్పు చేసే చోటు దొరికినందుకు పడ్డ సంతోషమే ఎక్కువైంది ఆమెకు. గుండె నిండిపోయి ఇంకో రొట్టె ఆయన ఒళ్లో పెట్టింది.

చీకటి పడబోతుండగా సైమి బలవంతాన లేవదీసింది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్ని మేజోళ్లు తొడుక్కున్నాడు, మంచు బూట్లు వేసుకున్నాడు, ఖాళీ సంచి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బాబాయ్, మీ జోళ్లు!" అంటూ ఊనా లోపలికి పరిగెత్తబోయింది. అవి పెడళ్ల కింద, వార్తాపత్రిక మీద పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.

"ఉండనీ," అన్నాడు తైస్తో. "రేపు కావాలిగా."